సల్లబెట్టినాను మేడమ్

ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఎక్కి సీటు కోసం చూస్తుంటే, వెనక వరసలోంచి ఎవరో "మేడమ్, ఈడ రాండి, ఈడ కాళీ ఉంది" అని పిలిచారు. నా పాత విద్యార్థి. ఇప్పుడు ఎరువుల కొట్టు పెట్టుకున్నాడట. ఈ ఏడు పత్తి ఎలా ఉంది, పిల్లలెందరు, అప్పుడే ఆ పొట్టేమిటి, అన్నీ అడిగేశాను. ఆదోని దగ్గరపడ్డాక, దిగడానికి లేస్తూ గుర్తొచ్చినట్టు అన్నాడు.

"మన కెమిస్ట్రీ ల్యాబ్ పెద్దాయన పోయినాడు గదా మేడమ్. దినాలు గూడా అయిపాయె. మీకు తెల్దా?"

తెలియదు. ముందు కోపం వచ్చింది. మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఎవరి పుట్టినరోజు వచ్చినా ముప్పై కేకులు వచ్చి పడతాయి. ఒక మనిషి పోయిన సంగతి చెప్పడానికి ఒక్కరికీ చేతులు రాలేదా అనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది, ఆయన రిటైరయ్యాక నేను ఫోను చేసింది లేదు. ఇంకొకరిని అనే హక్కు నాకు లేదని తెలిసి, మెల్లగా బస్సు దిగి కాలేజీకి నడిచాను.

ఆయన మా కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. నేను లెక్చరరుగా చేరేనాటికే ఆయన అక్కడ పాతకాపు. ఆయన్ను తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు చెయ్యి కనబడుతుంది. మా ల్యాబ్‌లో ఒక పాత ఓవెన్ ఉంది. దాని ముందున్న డయలు ఎప్పుడో చెడిపోయి, ఓవెన్ వెలిగినా ఆరినా నూటపది దగ్గరే నిలబడి ఉంటుంది. అసలు వేడి తెలియాలంటే పైనున్న రంధ్రంలో థర్మామీటరు గుచ్చి చూసుకోవాలి. ఆయన మాత్రం ముందుగా తలుపు మీద అరచెయ్యి వెనక భాగం ఆనించి, కళ్ళు మూసుకుని, "తొంభై ఐదు దాటింది, నూరు కాలే" అనేవాడు. ఆ తరువాతే థర్మామీటరు చూసేవాడు. రెండు మూడు డిగ్రీల తేడా వస్తే, "దీనికి వయసైంది మేడమ్, మార్పించల్ల" అనేవాడు. మార్పించాల్సింది థర్మామీటరునే. తన చేతి మీద ఆయనకు ఎన్నడూ అనుమానం లేదు.

ఆ చెయ్యి పాలకు అలవాటుపడిన చెయ్యి. ఆదోని పొలిమేరలో ఆయన ఇల్లు, ఇంటి ముందు నాలుగు బర్రెలు. తెల్లవారకముందే పాలు పిండి, రెండు హోటళ్ళకు పోసి, స్నానం చేసి, తొమ్మిదికల్లా ల్యాబ్ తాళం తీసేవాడు. ఎంత స్నానం చేసినా చొక్కా నుంచి పాలవాసన పోయేది కాదు. యాసిడ్ ఘాటు మధ్య ఆ వాసన తగిలిందంటే ఆయన ఎక్కడో దగ్గర్లో ఉన్నట్టే.

నన్ను 'మేడమ్' అనేవాడు, 'నువ్వు' అనేవాడు. రెండూ ఒకే వాక్యంలో. "నువ్వు తిన్నావా మేడమ్?" మా వైపు ఇది మామూలే గాని, ఒకసారి గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకాయన దీనికి భగ్గుమన్నాడు. నేను పెద్దాయన్ను పక్కకు పిలిచి, కొత్త సారును 'మీరు' అనమని చెప్పాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"సార్ అంటి గదా మేడమ్. సార్ అన్నంక ఇంగ నువ్వంటే ఏమైతాది?"

పిల్లల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. వాళ్ళను బస్సులతో గుర్తుపెట్టుకునేవాడు. కైరుప్పల పిల్లవాడు ఆలస్యంగా వస్తే నేను తిట్టబోయేలోపే, "ఆ అప్పను ఏమనొద్దు మేడమ్, పొద్దున బస్సు రాలేదంట" అని అడ్డం పడేవాడు. ఆలూరు అమ్మాయి అదే సాకు చెప్పిందనుకోండి, "నీ బస్సు వచ్చింది గదమ్మా, నువ్వే రాల్యా" అని పట్టించేసేవాడు. పాలు పోసే హోటళ్ళలో ఒకటి బస్టాండు ఎదురుగా ఉండడం వల్ల ఆయన దగ్గర ఏ అబద్ధమూ నిలిచేది కాదు.

నేను తొందర మనిషిని. నిలబడి తింటాను, టీ గొంతు కాలుతుండగా తాగుతాను, బస్సు ఆగకముందే దిగుతాను. ఆయన టీ మీద మీగడ కట్టేదాకా ముట్టేవాడు కాదు. ఓవెన్ వేడెక్కకపోయినా, పరీక్షనాళికలో అవక్షేపం కిందికి దిగకపోయినా, ప్రిన్సిపాలు సంతకం రాకపోయినా ఆయన మాట ఒకటే. "తొందరేముంది మేడమ్, దాని టయానికి అది వస్తాది." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నా టైము అయిపోతోంది.

నలభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. పొద్దున ఎమ్మిగనూరులో వంట, పగలు ఆదోనిలో పాఠాలు, మిగిలిన గంటల్లో పరిశోధన. ఇచ్చిన గడువు అయిపోయింది, ఒకసారి పొడిగించారు, అదీ అయిపోవచ్చింది. ఇంకోసారి పొడిగించరు. నాలుగు నెలల్లో థీసిస్ ఇవ్వకపోతే ఏడేళ్ళ పని గంగలో కలిసినట్టే.

నా పరిశోధన ఒక రకం పాలియెస్టర్ మీద. మొక్కజొన్న నుంచి తీసిన చక్కెరతో మొదలుపెట్టి తయారుచేస్తారు. పని తీరాక, ఆలస్యంగానైనా, మట్టిలో కలుస్తుంది. టమాటా నారు పెంచే నల్ల ప్లాస్టిక్ సంచుల బదులు దీనితో సంచులు చేయొచ్చునా అన్నది నా ప్రశ్న. దాంట్లో మా ప్రాంతంలో కుప్పలుగా దొరికే బుడ్డల పొట్టును, అంటే వేరుశెనగ కాయల పైపొట్టును, పొడి కొట్టి కలిపాను. ఖరీదు తగ్గుతుందని ఒక ఆశ. స్ఫటికత పెరుగుతుందని ఇంకో ఆశ.

స్ఫటికత అంటే భయపడేంత సంగతేం కాదు. ఈ పదార్థంలోని అణువులు పొడుగాటి గొలుసులు. కరిగినప్పుడు అవన్నీ చిక్కుపడి పొర్లుతుంటాయి. నెమ్మదిగా చల్లారితే కొన్ని పక్కపక్కన వరసగా సర్దుకుంటాయి. ఉన్నట్టుండి ఐసు నీళ్ళలో పడేస్తే సర్దుకునే వ్యవధి లేక ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. మొత్తంలో ఎంత వంతు వరసగా సర్దుకుంది అన్నదే స్ఫటికత. అది ఎక్కువైతే ఫిల్ము గట్టిగా, వేడికి తట్టుకునేలా ఉంటుంది. తక్కువైతే అరవై డిగ్రీల దగ్గరే సడలిపోతుంది.

దీన్ని కొలిచే యంత్రం అనంతపురంలో, యూనివర్సిటీలో ఉంది. గోరంత ముక్కను చిన్న అల్యూమినియం గిన్నెలో పెట్టి వేడిచేస్తూ పోతే, అది ఎక్కడ వేడి పీల్చుకుంది, ఎక్కడ వదిలింది అన్నది గీత గీసి చూపిస్తుంది. ఐసులో బిగుసుకున్న ముక్కయితే నూరు డిగ్రీల ప్రాంతంలో గొలుసులకు కదలిక వచ్చి, అప్పుడు సర్దుకుంటాయి. సర్దుకుంటూ వేడి వదులుతాయి. గీత మీద ఒక గుట్ట లేస్తుంది. ముందే సర్దుకున్న ముక్కకు ఆ గుట్ట రాదు. ఈ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఆ గుట్ట ఒక్కటే.

పెద్దాయనకు ఇదంతా చెప్తే శ్రద్ధగా విని, ఒక ప్రశ్న వేశాడు.

"పాలియెస్టరంటే మన టెరికాటే గదా మేడమ్?"

"ఆ జాతిదే అన్నా."

తన చొక్కా అంచు పట్టుకుని చూసుకున్నాడు. "మరి ఇది మట్టిలో కలవదా?"

"అది కలవదు."

"నేను కలిసిపోతా, నా సొక్కా మాత్రం ఉంటాదన్నమాట," అని చాలాసేపు నవ్వాడు. ఆ వారమంతా స్టాఫ్ రూములో ఎవరు దొరికితే వాళ్ళకు ఆ సంగతి చెప్పాడు.

ఫిల్ములంటే ఆయనకు ఇష్టం పుట్టింది. ఒక్కో ముక్కను చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా వంచేవాడు. గట్టిదైతే గలగలమంటుంది, మెత్తదైతే అనదు. "ఇది ముదురు, ఇది లేత" అని వేరు వేరు కుప్పలు పెట్టేవాడు. నేను నవ్వుకుని నా పని చేసుకునేదాన్ని. యంత్రం ఉండగా చెవులెందుకు?

నా పద్ధతి ఇది. ఫిల్మును రెండు పలకల మధ్య పెట్టి, ఓవెన్‌లో నూటతొంభై డిగ్రీల దగ్గర పది నిమిషాలు కరిగించి, తీసి, వెంటనే ఐసు నీళ్ళలో పడేయాలి. ఓవెన్ వేడెక్కించి పెట్టేదాకా ఆయన పని. మధ్యాహ్నాలు ఆఫీసువాళ్ళు ఆయన్ను బ్యాంకుకూ పోస్టాఫీసుకూ తిప్పేవాళ్ళు కాబట్టి, ఆ తరువాతది నేనే చూసుకునేదాన్ని. పక్కనున్న జ్యూస్ కొట్టు నుంచి ఐసు తెచ్చుకుని, పని కానిచ్చి, నీళ్ళు పారబోసి, బస్సుకు పరుగెత్తేదాన్ని. ఆయన ఆ ఐసును ఒక్కసారీ చూడలేదు. చూడలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఇంతలో కర్నూలులో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. వారం రోజులు. బుడ్డల పొట్టు కలిపిన ఆరు ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. వారం పోగొట్టుకునే స్థితిలో నేను లేను. బస్సుకు పరుగెత్తుతూ ఒక చీటీ రాసి ఆయన చేతిలో పెట్టాను. "ఆరు ముక్కలూ 190లో పది నిమిషాలు ఉంచి, చల్లబెట్టు."

చదువుకుని తల ఊపాడు. "సల్లబెడ్తా మేడమ్, నువ్వు పో."

వారం తరువాత వచ్చేసరికి ఆరు ముక్కలూ కాగితంలో చుట్టి, దారం కట్టి ఉన్నాయి. "ఈసారి గట్టిగా వచ్చినాయి మేడమ్," అన్నాడు. సంతోషించాను. పొట్టు కలిపిన ఫిల్ము గోధుమరంగులో ఉంటుంది గనక, మసకబారిందో లేదో కంటితో చూసి చెప్పలేం. పొట్టు కలపని మామూలు ఫిల్మును వాటి పక్కనే అదే రోజు పెట్టి ఉంటే, అది పాలలాగా తెల్లబడి ఉండేది, అప్పుడే తెలిసిపోయేది. పక్కన పెట్టించాల్సింది నేను. టైము లేదని, నెల కిందట ఐసులో వేసిన మామూలు ఫిల్ముతోనే పోల్చేశాను.

అనంతపురంలో యంత్రం గీత గీసింది. గుట్ట లేదు. ఆరు ముక్కల్లో దేనికీ లేదు.

మా గైడు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఐసులో పడేసినా ఆ క్షణంలోనే గొలుసులు సర్దుకున్నాయంటే, ఈ పొట్టు పొడి మామూలుది కాదన్నారు. నా థీసిస్‌కు వెన్నెముక దొరికింది. ఒక్క రాత్రి కాదు, వరసగా నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయాను. పేపరు రాయడం మొదలుపెట్టాం.

కాలేజీకి పేడా పట్టుకెళ్ళి ముందు పెద్దాయనకే ఇచ్చాను.

"ఐసు నీళ్ళలో వేసినా సర్దుకున్నాయన్నా! మామూలుగా అట్ల కావు."

పేడా సగం కొరికి ఆగాడు. "యాడి ఐసు మేడమ్?"

"అదే, చల్లబెట్టేటప్పుడు వేసేది."

"ఓ," అన్నాడు. మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మనవరాలి కోసం అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఎమ్మిగనూరులో మా ఇంటి తలుపు తట్టాడు. మా వీధిలో మగ్గాలు ఆదివారమని ఆగవు, ఆ చప్పుడులో ఆయన తట్టడం రెండు మూడుసార్లకు గాని వినబడలేదు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదటిసారి. చేతిలో పాల సీసా ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

"ఎనుములను ఇడిసిపెట్టి వచ్చినాను మేడమ్, మళ్ల పోవల్ల. ఒక మాట సెప్పిపోదామని."

"చెప్పు అన్నా."

"ఐసు అన్నావే. నేను ఐసులో ఎయ్యలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "మరి?"

"నువ్వు సల్లబెట్టమని రాసినావు. సల్లబెట్టినాను మేడమ్. ఓవెను ఆపేసి, తలుపు తియ్యకుండా అట్లే ఇడిసిపెట్టినాను. పొద్దున వచ్చి తీసినాను."

ఓవెన్ తలుపు మూసి ఉంచితే ఆ పెట్టె చల్లారడానికి గంటలు పడుతుంది. గొలుసులు సర్దుకోవడానికి అంతకంటే కావలసిందేముంది? బుడ్డల పొట్టు మహిమ కాదు, పెద్దాయన నిదానం. నా థీసిస్ వెన్నెముక ఆ గడపలోనే విరిగింది. నోటికొచ్చింది అనేశాను.

"నీకు తెలుగు రాదా?"

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. పాఠం చెప్పేవాడిలా నెమ్మదిగా చెప్పాడు.

"పాలు సల్లబెట్టమంటే ఐసులో పెడ్తామా మేడమ్? పొయ్యి మీదనించి దించి, మూత పెట్టి ఇడిసిపెడ్తాము. గోరువెచ్చగైనంక తోడేస్తాము. మా ఇంట్లో సల్లబెట్టేదంటే అదే. నేను అదే అనుకుంటి."

మా అమ్మ కూడా ఆ మాటను అలాగే వాడుతుంది. నేను ఆ మాట రాసినప్పుడు నా తలలో ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు పుస్తకంలోని పద్ధతి.

ఆయన జేబులోంచి మడతపెట్టిన నా చీటీ తీసి ఇచ్చాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ. నాకేంటికి? నేను ఎవురికీ సెప్పను మేడమ్. సెప్పాల్నో వద్దో నువ్వే సూసుకో." పాల సీసా గడప పక్కన పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

తప్పు తనది కాదని చూపడానికి ఆయనకున్న ఒకే ఒక్క ఆధారం ఆ చీటీ. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఒక్క మెమో వస్తే పెన్షను కాగితాలు ఎన్నాళ్ళు నానుతాయో ఆయనకు బాగా తెలుసు. అలాంటిది తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే దాన్ని నాలుగు ముక్కలుగా చించేశాను. అది కోపమని అప్పుడు అనుకున్నాను.

గైడుకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో, చెప్పకపోతే ఏమవుతుంది అని ఎన్నిసార్లు అనుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. పెద్దాయన ల్యాబ్‌లో ఎప్పటిలాగే ఉన్నాడు, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బహుశా చెప్పేదాన్ని కాదు. గైడు అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మళ్ళీ చెయ్యండి" అన్నారు. అంతే.

మళ్ళీ చేశాం. ఈసారి ఐసు ఆయనే తెచ్చాడు, తన పాల క్యానులో, నిండా. మామూలు ఫిల్ము, పొట్టు కలిపిన ఫిల్ము పక్కపక్కన పెట్టాం. పలకలు తీసి నీళ్ళలో వేసినప్పుడు సుయ్‌మంది. ఆయన వంగి చూశాడు.

"దీన్నేమంటారు మేడమ్, సల్లబెట్టేది కాదంటే?"

"క్వెంచింగ్."

"తెలుగులో?"

ఆలోచించాను. "ముంచేది అనుకో."

"ముంచేది," అని రెండుసార్లు అనుకున్నాడు. "ఆ మాటే రాసింటే సరిపోతుండె గదా."

ఈ మొత్తం వ్యవహారంలో ఆయన నన్ను అన్నది ఆ ఒక్క మాట.

గుట్ట లేచింది. రెండు ఫిల్ములకూ దాదాపు ఒకేలా లేచింది. బుడ్డల పొట్టుకు నేను అనుకున్నంత మహిమ లేదని తేలిపోయింది. అయితే చేతిలో ఇంకోటి మిగిలింది. ఆయన నిదానంగా చల్లబెట్టిన ఆరు ముక్కలు. గడువు దాటకుండా బయటపడే దారి గైడే చూపించారు. ముంచినవి, చల్లబెట్టినవి పక్కపక్కన పెట్టి, చల్లార్చే తీరును బట్టి వేడికి ఎలా నిలుస్తాయో చూడమన్నారు. రెండు రకాల సంచులూ కుట్టి, మే నెల ఎండలో కాలేజీ సైకిల్ షెడ్డు రేకుల మీద పెట్టాం. రేకు మీద చెయ్యి పెట్టి ఆయన "అరవై దాటింది" అన్నాడు. ముంచిన సంచులు మధ్యాహ్నానికే వంకర్లు పోయి చతికిలబడ్డాయి. చల్లబెట్టినవి పెట్టినవి పెట్టినట్టే నిలబడ్డాయి. మా ఊళ్ళ ఎండల్లో, లారీల మీద, రేకుల కొట్టాల్లో నిలవాల్సిన సంచికి కావలసింది అదే. ఆ అధ్యాయమే నా థీసిస్‌ను నిలబెట్టింది.

థీసిస్ ముందు పేజీలో ఆయన పేరు పెడతానంటే గట్టిగా వద్దన్నాడు. "నా పేరు టైపు సేసిన కాగితం వచ్చిందంటే అది మెమోనే మేడమ్. నాకు భయం." ప్రయోగశాల సిబ్బందికి కృతజ్ఞతలు అని ఒక వాక్యం రాసి ఊరుకున్నాను. అందుకే ఇక్కడా పేరు రాయడం లేదు.

వైవాకు తాను వస్తానన్నాడు. అలాంటిది ఎప్పుడూ చూడలేదట. సంతోషంగా తీసుకెళ్ళాను. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. పరీక్షించడానికి వచ్చిన ప్రొఫెసరు పెద్దవాడు, ప్రతి పేజీ చదివినవాడు. చివర్లో ఒక పట్టిక దగ్గర ఆగారు. నిదానంగా చల్లార్చిన నమూనాల తేదీ మిగతా అన్నింటికంటే ముందుంది. వీటిని ముందే అనుకుని చేశారా, లేక ఎక్కడైనా ఏదైనా జరిగిందా అని ఇంగ్లీషులో అడిగారు. మర్యాదగానే అడిగారు.

నేను రాసిన చీటీ సరిగా లేదు సర్ అంటే సరిపోయేది. ఎవరూ నన్ను డిగ్రీ ఇవ్వకుండా పంపేవాళ్ళు కాదు. కానీ ఆ ఏడేళ్ళు గుర్తొచ్చాయి. పొరపాటు నాదంటే ఇంకేం పొరపాట్లు ఉన్నాయో అని తవ్వుతారేమో అనిపించింది. అరక్షణంలో నోరు తెరిచాను.

"మిస్టేక్ బై ద ల్యాబ్ అటెండర్, సర్."

ప్రొఫెసరు నవ్వారు. అయితే మీ మంచి అధ్యాయం రాసింది ఆయనే అన్నమాట అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేను వెనక్కి చూశాను. ఆఖరి వరసలో ఆయనా నవ్వుతున్నాడు. పది నిమిషాల తరువాత నన్ను డాక్టరు అని పిలిచి చప్పట్లు కొట్టారు. ఆయన నిలబడి కొట్టాడు.

ఆ తరువాత రెండేళ్ళు మేము అదే ల్యాబ్‌లో పనిచేశాం. ఎప్పటిలాగే ఓవెన్ మీద చెయ్యి ఆనించాడు, ఎప్పటిలాగే తిన్నావా మేడమ్ అన్నాడు. రిటైరైన రోజు దండ వేసి పొగిడాను, పొగడ్తలో ఆ తప్పు నాదని చెప్పలేదు. చెప్పాలంటే వైవా రోజు తిరుగు బస్సులోనే చెప్పి ఉండాల్సింది. అది దాటిపోయాక ప్రతి రోజూ కష్టమవుతూ వచ్చింది.

ఆ రోజు వైవా ముగించుకుని అనంతపురం నుంచి వస్తున్నాం. నాకు కిటికీ సీటు ఇచ్చి ఆయన ఇవతల కూర్చున్నాడు. ఒళ్ళో నా దండ, శాలువా ఉన్న సంచి పెట్టుకున్నాడు. గుంతకల్లు దాటాక ఆయనే మొదలుపెట్టాడు.

"బాగా సెప్పినావు మేడమ్. యాడా తడుముకోలేదు."

నేను టికెట్టును సన్నగా మడిచాను.

"అంతా ఇంగ్లీషు గదా," అన్నాడు, నా వైపు చూడకుండా, ముందు సీటు కమ్మీ పట్టుకుని. "నాకు ఒక్క ముక్క అర్థం కాలే. అందురూ నవ్వితే నేనూ నవ్వితి."

అటెండరు అన్న మాటకు మా వైపు తెలుగు లేదు. ముప్పై ఏళ్ళుగా ప్రిన్సిపాలు మొదలు పిల్లల దాకా ఆయన్ను పిలిచిన మాట అది. మిస్టేక్ అంటే ఏమిటో హోటల్లో గ్లాసులు కడిగేవాళ్ళకూ తెలుసు. ఆ రెండు మాటలూ తనకు అర్థం కాలేదని నన్ను నమ్మమంటున్నాడు. నమ్మితే నేను క్షమాపణ అడగనక్కర్లేదు. ఆదోనికి ఇంకా గంట ప్రయాణం ఉంది. మనిషి పక్కనే ఉన్నాడు, నా దండ ఒళ్ళో పెట్టుకుని.

నేను కిటికీ వైపు తిరిగి, "అవునా అన్నా?" అన్నాను.